సన్నబడిన నాలుగు వందల చెట్లు

బతికున్న చెట్టు లావవుతుంది. మహా అయితే కొన్నాళ్లు ఉన్నచోటే ఉంటుంది. అంతేగానీ ఏళ్ల తరబడి పెరిగిన చెట్టు ఉన్నట్టుండి సన్నబడదు. ఈ సంగతి టేపమ్మకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇరవై రెండేళ్లుగా ఆమె ఉద్యోగమే అది. అడవిలో ఒక్కో చెట్టు నడుముకీ టేపు చుట్టడం, ఎంత లావయిందో పుస్తకంలో రాయడం. అసలు పేరు జీతాల కాగితంలో తప్ప ఇంకెక్కడా వినపడనంతగా ఆ టేపు ఆమెకి అతుక్కుపోయింది.

అందుకే ఆ ఉదయం తొమ్మిదిన్నరకి భోజనాల హాల్లో తెర మీద లెక్కల ప్రొఫెసర్ వేసిన పట్టిక చూడగానే ఆమె దాన్ని మళ్లీ మొదట్నుంచి చదివింది.

నాలుగు వందల పన్నెండు చెట్లు సన్నబడ్డాయి. అన్నీ ఆమె కొలిచినవే.

ఆ అడవి కేంద్రం ఏ ఒక్క యూనివర్సిటీదీ కాదు. వానలు విరగబడి కురిసే అడవుల గురించి విద్యార్థులకి చెప్పాలన్నా, పరిశోధనలు చెయ్యాలన్నా, ఉన్న అడవిని కాపాడాలన్నా ఒంటరిగా అయ్యే పని కాదని పద్దెనిమిది యూనివర్సిటీలు ఎప్పుడో చేతులు కలిపాయి. పనివాళ్లు ఆ సంఘాన్ని ముద్దుగా ‘ఉమ్మడి’ అనేవాళ్లు. ఉమ్మడికి ప్రాణం పెద్ద గడి. యాభై హెక్టార్ల అడవికి గళ్లు గీసి, బొటనవేలంత మొక్క దగ్గర్నుంచి నలుగురు చేతులు పట్టుకున్నా అందని మాను దాకా ప్రతిదానికీ నంబరు వేశారు. అయిదేళ్లకోసారి అన్నిటినీ కొలుస్తారు. ఆ కొలతల మీద ఎంతమంది పట్టాలు పుచ్చుకున్నారో లెక్కలేదు. ఆ కొలతలు ఉన్నాయన్న ఒక్క కారణంతోనే చుట్టుపక్కల అడవిలోకి రంపాలు రాకుండా ఆగాయి.

లెక్కల ప్రొఫెసర్ సంఘంలోకెల్లా పెద్ద యూనివర్సిటీ నుంచి వచ్చాడు. సన్నటి మనిషి, మెత్తటి గొంతు. ఆ గొంతుతోనే ఒక్కో మేకూ దిగేశాడు. మొదటి రెండు కొలతలూ బాగున్నాయి. మూడో కొలతలో, అదీ తూర్పు సగంలో మాత్రమే, చెట్లు సన్నబడ్డాయి. నాలుగో కొలత నుంచి ఏమీ ఎరగనట్టు మళ్లీ పెరుగుతున్నాయి. పడమటి సగంలో ఈ జబ్బు లేదు. పడమటి సగాన్ని కొలిచినాయన ఉద్యోగ విరమణ చేసి వెళ్లిపోయాడు. తూర్పు సగాన్ని కొలిచినావిడ ఇదిగో ఇక్కడే, గోడవార నించుని ఉంది.

మూడో కొలత జరిగింది పన్నెండేళ్ల కిందట. టేపమ్మకి కూతురు పుట్టిన ఏడు. ఆరు నెలల పసిదాన్ని అత్తగారికి అప్పగించి పనిలోకి వచ్చింది. ఆ మాట ప్రొఫెసర్ అనలేదు. వెనక వరసలో గళ్ల చొక్కా ఆయన అన్నాడు. పసిబిడ్డ తల్లి కదా, అడవంతా తిరిగే ఓపిక ఎక్కడుంటుంది, ఇంట్లో కూచుని అంకెలు వేసేసి ఉంటుందని పక్కాయనతో అన్నాడు. చెవిలో చెప్పినట్టే చెప్పాడుగానీ హాలంతటికీ వినపడింది.

ప్రొఫెసర్ ప్రతిపాదన చిన్నదే. తూర్పు సగం కొలతలు మొత్తం, ఇరవై రెండేళ్లవీ, కొట్టేయాలి. సగం పోయాక మిగిలిన సగానికి విలువ లేదు కాబట్టి కేంద్రాన్ని కూడా మూసేయాలి. మధ్యాహ్నం మూడింటికి, యూనివర్సిటీకి ఒకరు చొప్పున వచ్చిన పద్దెనిమిది మందీ చేతులెత్తి తేల్చుకుంటారు.

ఉమ్మడి అధ్యక్షురాలు కళ్లజోడు తీసి, ఏమైనా చెప్పుకునేది ఉందా అని టేపమ్మని అడిగింది.

“నేను ప్రతి చెట్టు దగ్గరికీ వెళ్లాను మేడమ్,” అంది టేపమ్మ.

“అయితే చెట్లు ఎందుకు సన్నబడ్డాయి?” అన్నాడు ప్రొఫెసర్. ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

తెలిస్తే చెప్పేదే. ఆమె బయటికి నడిచింది.

బయటికి వస్తే కాళ్లు ఎప్పుడూ వంటింటికే పోతాయి. కేంద్రానికి గోడలు లేవకముందు నుంచీ అక్కడ పొయ్యి వెలిగిస్తున్న వంటాయన్ని అందరూ బాబాయి అంటారు. ఆయన ఉల్లిపాయలు తరుగుతూ, ఆమె మొహం చూసి, కత్తిపీట నా దగ్గరుంటే కన్నీళ్లు నీకెందుకమ్మాయ్ అన్నాడు. ఆమె నవ్వలేదు. అప్పుడు కత్తిపీట పక్కన పెట్టి, గ్లాసుడు టీ పోసి ఇచ్చి, విషయమంతా విన్నాడు. విన్నాక ఒక్క మాట అన్నాడు. ఆ మూడో కొలతప్పుడు రోజూ పొద్దున్నే ఆరింటికి నీకు పొట్లం కట్టిచ్చింది నేను, సాయంత్రం ఖాళీ డబ్బా కడిగింది నేను, ఇంట్లో కూచున్నదానికి అడవిలో పొట్లం ఎవడు తిన్నాడంట?

బాబాయి సాక్ష్యం తెర మీది పట్టిక ముందు నిలవదని ఇద్దరికీ తెలుసు.

ఇంతలో వాన మొదలైంది. వంటింటి కిటికీకి పైనుంచి వేలాడే చెక్క తలుపు ఒకటి ఉంది. దాన్ని ఎత్తి, కింద కర్ర పోటు పెడితే తెరుచుకుని ఉంటుంది. జల్లు పొయ్యి మీద పడుతోందని బాబాయి గబగబా వెళ్లి కర్ర లాగేశాడు. తలుపు దబ్బుమని మూసుకుంది. కర్ర ఆయన చేతిలోంచి జారి బండల మీద పడింది.

టంగ్‌మంది.

కర్ర పడితే రావాల్సిన చప్పుడు కాదది. టేపమ్మ తలెత్తి చూసింది. కర్ర చివర రోకలికి ఉన్నట్టు ఇనుప పొన్ను ఉంది. ఆ కర్ర ఆమెకి తెలుసు. మామూలుగా తెలియడం కాదు. పదేళ్లు భుజాన మోసింది.

చెట్టుని ఎక్కడ పడితే అక్కడ కొలవకూడదు. నేల నుంచి నూట ముప్ఫై సెంటీమీటర్ల ఎత్తున, మనిషి ఛాతీ దగ్గర, గీత గీసి అక్కడే కొలవాలి. ఆ ఎత్తు చూపించడానికి కేంద్రం మొదలుపెట్టిన ముసలి ప్రొఫెసర్, ఇప్పుడు లేడాయన, తన చేత్తో కోసి ఇచ్చిన కర్ర అది. ప్లాస్టిక్ గొట్టాలు వచ్చాక మూలపడితే బాబాయి కిటికీకి పెట్టుకున్నాడు.

“బాబాయీ, ఆ కర్ర ఇటివ్వు.”

జేబులో టేపు ఉండనే ఉంది. కర్ర పొడుగునా పరిచింది. ఒకసారి చదివింది. కళ్లు తుడుచుకుని మళ్లీ చదివింది.

నూట ముప్ఫై ఎనిమిది.

పన్నెండేళ్ల కిందటి ఓ ఉదయం కళ్ల ముందుకొచ్చింది. ప్రసవం అయ్యాక పనిలోకి తిరిగొచ్చిన మొదటి రోజు. చెట్ల వేళ్లకి తగిలి తగిలి ఈ కర్ర అడుగు చీలిపోయి ఉంటే, ఆయన, అంటే కేంద్రం జీపు డ్రైవరు, ఆమె మొగుడు, రాత్రికి రాత్రి చీలిక పోకుండా కట్టి, అడుగున బెత్తెడు పొడుచుకొచ్చేలా మందపాటి ఇనుప పొన్ను తొడిగి తెచ్చి ఇచ్చాడు. ఇంక యాభై ఏళ్లు దీనికేం కాదని గర్వంగా అన్నాడు. ఆమె పొంగిపోయింది. ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది? లక్షల చెట్లు కొలిచిన మనిషి కర్రని కొలవలేదు.

మూడో కొలతకి ముందు చెట్ల మీద గీతలన్నీ వానలకి వెలిసిపోయి, నాచు పట్టిపోయాయి. అన్నీ మళ్లీ గీశారు. పడమటి సగం ఆయన తన కర్రతో. తూర్పు సగం టేపమ్మ ఈ కర్రతో. గీత ఎనిమిది సెంటీమీటర్లు పైకి పోయింది. నిటారుగా పెరిగే చెట్టుకి ఆ తేడా లెక్కలోకి రాదు. అడుగున వెడల్పుగా విచ్చుకుని పైకి పోనుపోను సన్నబడే చెట్టుంటుంది చూశారూ, దానికి వస్తుంది. అలాంటివి నాలుగు వందల పన్నెండు.

ఆమె ఊపిరి పీల్చుకుంది. మరుక్షణమే ఆ ఊపిరి ఆగింది. పొన్ను ఇవాళ పొద్దున తొడిగిందే అంటే ఏం చెప్పాలి? కర్ర ఒక్కటీ చాలదు. చెట్టే చెప్పాలి.

టీ గ్లాసు పట్టుకుని ఆలోచించింది. టీ చల్లారింది. అప్పుడు తట్టింది, మేకు.

ముసలి ప్రొఫెసర్ పెట్టిన నియమం ఒకటుంది. నంబరు బిళ్లని గీతకి సరిగ్గా ముప్ఫై సెంటీమీటర్ల పైన మేకు కొట్టి వేలాడదీయాలి. మేకు చుట్టూ బెరడు ఉబ్బుతుంది కాబట్టి కొలిచేచోటికి అది దూరంగా ఉండాలని. ఆ మేకులు మొదటి కొలతనాటివి. చెట్టు పొడుగయ్యేది కొసన. మొదట్లో కొట్టిన మేకు ఎన్నేళ్లయినా అదే ఎత్తులో ఉంటుంది. గీత పైకి జరిగి ఉంటే, మేకుకీ గీతకీ మధ్య ఇప్పుడు ముప్ఫై ఉండదు, ఇరవై రెండే ఉంటుంది.

పదకొండుంబావుకి టీ విరామంలో ప్రొఫెసర్‌ని వరండాలో పట్టుకుంది. కర్ర ఆయన చేతిలో పెట్టి, గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పింది. ఆయన కర్రని తనే కొలుచుకున్నాడు. పొన్నుని తిప్పి తిప్పి చూశాడు. తర్వాత, ఇది వినడానికి చాలా బాగుందనీ, వినడానికి బాగున్నవాటితోనే తనకి పేచీ అనీ, ఇప్పటికిప్పుడు అల్లిన కథ కాదని తను ఎలా నమ్మాలనీ అడిగాడు.

“చెట్లు మీరు ఎంచుకోండి సార్. టేపు మీరే పట్టుకోండి. నేను చెట్టుని ముట్టుకోను కూడా.”

ఆయన తన నున్నటి తోలు బూట్ల వైపు చూసుకున్నాడు. బయట వాన వైపు చూశాడు. గొడుగు ఉందా అని అడిగాడు.

అధ్యక్షురాలు అడ్డు చెప్పలేదు గానీ గడియారం చూపించింది. సాయంత్రం బస్సులకి సగంమంది వెళ్లిపోతారు. మూడు గంటలంటే మూడు గంటలే, ఎవరి కోసమూ ఆగేది లేదు.

జీపులో టేపమ్మ మొగుడికి విషయం చెప్పింది. పెళ్లయిన పదిహేనేళ్లలో ఆ మనిషికి మాట పడిపోవడం ఆమె చూడ్డం అదే మొదలు. రెండు మలుపులు తిరిగాక, అయితే కేంద్రాన్ని ముంచింది నేనేనా అన్నాడు నెమ్మదిగా. ముందు జీపు ముంచకుండా నడపండి అందామె. వెనక సీట్లో ప్రొఫెసర్ దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

వాగు దగ్గర జీపు ఆగిపోయింది. అవతలికి నడిచే దుంగ అప్పటికే నీళ్లలో ఉంది. మొగుడు తాడు కట్టాడు. మోకాలి లోతులో ముగ్గురూ దాటారు. అక్కడి నుంచి రెండు కిలోమీటర్లు నడక. తోలు బూట్లు ఓ అరకిలోమీటరు ఓర్చుకుని, తర్వాత నోరు తెరిచాయి. ప్రొఫెసర్ వాటిని తీసి ఓ కొమ్మకి తగిలించి, మేజోళ్లతో నడిచాడు. ఆ క్షణం నుంచి టేపమ్మకి ఆయనంటే గౌరవం మొదలైంది.

పన్నెండున్నరకి తూర్పు సగంలో ఉన్నారు. ఆయన జేబులోంచి పట్టిక తీసి, కళ్లు మూసుకుని వేలు పెట్టి పది నంబర్లు ఎంచాడు. టేపమ్మ దారి చూపించడం, నించోవడం. అంతే.

మొదటి చెట్టు. మేకు నుంచి గీతకి ఇరవై రెండు.

రెండో చెట్టుకి ఇరవై ఒకటిన్నర. మూడోదానికి ఇరవై రెండున్నర. కర్ర ఆకుల మీద ఆనితే ఒక అర అటూ ఇటూ అవుతుందని ఆమె చెప్పింది. ఆయన తలాడించి రాసుకున్నాడు. అయిదో చెట్టు దాకా అదే వరస. ఆరో చెట్టు దగ్గర ఆయన నిచ్చెనంత పొడుగ్గా చెయ్యి చాచి, మొగుడి భుజం ఎక్కి మరీ కొలిచి, కిందికి దిగి, అంకె చదివాడు.

ముప్ఫై.

మొగుడు మొహం తిప్పుకున్నాడు. ప్రొఫెసర్ మాత్రం కన్నార్పకుండా టేపమ్మనే చూస్తున్నాడు. ఆమె చెట్టుని ఎగాదిగా చూసింది. అడుగున రెక్కల్లాంటి వేళ్లు ఆమె తలకంటే ఎత్తుగా లేచి ఉన్నాయి.

“దీనికి ముప్ఫయ్యే ఉండాలి సార్,” అంది. “వేళ్లు ఇంత ఎత్తున్నదాన్ని ఛాతీ దగ్గర కొలవం. నిచ్చెన వేసుకుని వేళ్లకి పైన కొలుస్తాం. నా కర్ర దీన్ని తాకలేదు. ఇది సన్నబడిన చెట్టు కాదు, మీ పట్టికలో ఉండదు.”

ప్రొఫెసర్ మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది. ఉండదు, అన్నాడు. ఆ నంబరు కావాలనే దొంగతనంగా కలిపాడట. దీనికి కూడా ఆమె ఏదో సాకు చెప్పి ఇరవై రెండు చెయ్యాలని చూస్తే, అక్కణ్ణించే వెనక్కి తిరిగేవాడట.

ఎనిమిదో చెట్టు దగ్గర తేలిపోయింది. ఆయన మేకు నుంచి ముప్ఫై కిందికి కొలిచి, అక్కడ వేలు ఆనించాడు. ఇప్పుడున్న పసుపు గీతకి కింద, దళసరి నాచు. ఆయన గోటితో గీకడం మొదలుపెట్టాడు. నాచు ఊడింది. దాని కింద బెరడు పగులులో, చిటికెన గోరంత, ఎర్రటి పెచ్చు.

మొదటి కొలతకి వాడింది ఎర్ర రంగు. ఆ తర్వాత ఎన్నడూ ఎరుపు వాడలేదు. ఆ సంగతి కేంద్రం పుస్తకం మొదటి పేజీలోనే ఉంది. ప్రొఫెసర్ ఆ పెచ్చు మీద వేలు అలాగే ఉంచి, రెండో చేత్తో టేపు తీసుకుని, ఎర్ర గీత ఉన్నచోట చెట్టు చుట్టూ చుట్టాడు. వాన నీళ్లు కళ్లజోడు మీద కారుతుంటే, పెదాలు కదుపుతూ అంకె చదివాడు. రెండో కొలతనాటి అంకెతో పోల్చాడు.

చెట్టు పదిహేడేళ్లకి పెరగాల్సినంత పెరిగింది.

వెనక్కి తిరిగి మొదటి అయిదూ, ఏడోదీ, ముందుకెళ్లి మిగిలిన రెండూ అలాగే కొలిచాడు. తొమ్మిదికి తొమ్మిదీ పెరిగాయి. ఒక్కటీ సన్నబడలేదు. ఏ రోజూ సన్నబడలేదు.

అప్పటికి ఒంటిగంట యాభై.

వాగు నడుములోతుకి వచ్చింది. మొగుడు ముందు దిగి తాడు బిగించి పట్టుకున్నాడు. టేపమ్మ వెంట తెచ్చిన కొలతల పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి తల మీద పెట్టుకుంది. మధ్యలో ప్రొఫెసర్ కాలు జారింది. ఆమె ఆయన కాలరు పట్టుకుని ఒడ్డుకి లాక్కొచ్చింది. ఒడ్డున పడగానే ఆయన అడిగింది తన సంగతి కాదు, పుస్తకం తడవలేదు కదా అని. జీపు ఎక్కాక మొగుడు మళ్లీ మనిషయ్యాడు. సార్ ముందుగా చెబితే మీ బూట్లకి కూడా పొన్ను తొడిగేవాణ్ణి అన్నాడు. ఆ పది నిమిషాల దారిలో జీపు ఎన్ని గుంతల్లో ఎగిరిందో ఎవరూ లెక్కపెట్టలేదు.

మూడుకి రెండు నిమిషాలుందనగా హాలు తలుపు తెరుచుకుంది. అధ్యక్షురాలు తీర్మానం చదువుతోంది. ముందు టేపమ్మ, చేతిలో పొన్ను కర్ర. వెనకాల ప్రొఫెసర్, మేజోళ్లతో, మెడ మీద జలగతో. హాల్లో తలలన్నీ తిరిగాయి.

ప్రొఫెసర్ నోరు తెరవబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. ముందు తను చెబుతానంది. పొద్దున గోడవార నించున్న మనిషి ఇప్పుడు నేరుగా తెర ముందుకెళ్లి నించుంది.

“తప్పు నాదే,” అంది. “అబద్ధం మాత్రం నాది కాదు. ఈ కర్ర ఎనిమిది సెంటీమీటర్లు ఎక్కువ. కొలవకుండా దీన్ని నమ్మాను. కానీ ప్రతి చెట్టు దగ్గరికీ వెళ్లాను. వెళ్లానని చెట్లు చెప్పాయి.”

తర్వాత ప్రొఫెసర్ వంతు. ఆయన పది చెట్లూ వరసగా చదివాడు. దొంగతనంగా కలిపిన ఆరో చెట్టు సంగతి కూడా దాచలేదు. అంకెలు కల్పించేవాళ్లని తన ఉద్యోగంలో చాలామందిని పట్టుకున్నానన్నాడు. కల్పించిన అంకెలు ఎప్పుడూ అందంగా ఉంటాయి, ఎవరికీ అనుమానం రాకుండా చెట్లని చక్కగా పెంచుతాయి.

“చెట్లు సన్నబడ్డాయని రాసిందీవిడ,” అన్నాడు. “కల్పించేవాళ్లు ఆ పని చస్తే చెయ్యరు. టేపు ఎంత చూపిస్తే అంతే రాసింది. ఇంత నిజాయితీ ఉన్న తప్పుని నేను ఇంతవరకూ చూడలేదు.”

ఆ తర్వాత ఆయన చెప్పిన మాటకి హాల్లో కుర్చీలు కదిలాయి. తప్పు అంతటా ఒక్కటే, దానికి గుర్తు చెట్టు మీదే ఉంది. మేకు నుంచి ముప్ఫై కిందికి కొలిస్తే ఇరవై రెండేళ్లూ నిలుస్తాయి. పైగా తూర్పు సగంలో ప్రతి చెట్టుకీ ఇప్పుడు రెండు ఎత్తుల్లో కొలతలుంటాయి. చెట్టు అడుగు నుంచి పైకి ఎలా సన్నబడుతుందో తెలియక పరిశోధకులు ఇన్నాళ్లూ అంచనాలు వేసుకుంటున్నారు. ఆ జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. పొద్దున తను పెట్టిన ప్రతిపాదనని వెనక్కి తీసుకుంటున్నాననీ, దాని బదులు కొత్తది పెడుతున్నాననీ అన్నాడు. పెద్ద గడి ఉండాలి. కేంద్రం ఉండాలి. అనుకూలమైనవాళ్లు చేతులెత్తండి అని అధ్యక్షురాలు అడగకముందే ఆయన చెయ్యి లేచింది, మోచేతి నుంచి నీళ్లు కారుతూ.

పదిహేడు చేతులు లేచాయి. లేవని పద్దెనిమిదో చెయ్యి వెనక వరసలో గళ్ల చొక్కా ఆయనది. టేపమ్మ ఆయన్నే చూస్తూ నించుంది. ఆయన కాసేపు బల్ల వైపు చూసి, లేచి నించుని, పొద్దున తను అన్న మాట హాలంతటికీ వినపడింది కాబట్టి ఇది కూడా అందరికీ వినపడాలంటూ క్షమించమని అడిగాడు. చెయ్యెత్తాడు.

చప్పట్లు వాన చప్పుడుని మింగేశాయి. వంటింటి గుమ్మంలో బాబాయి గరిటెతో గిన్నె మీద వాయించాడు. మొగుడు తలుపు దగ్గర నించుని కళ్లు తుడుచుకుంటూ, వాన నీళ్లు వాన నీళ్లు అని పక్కవాళ్లకి చెప్పుకున్నాడు.

చప్పట్లు ఆగాక అధ్యక్షురాలు ఇంకో సంగతి చెప్పింది. ప్రతి సెలవుల్లో పద్దెనిమిది యూనివర్సిటీల విద్యార్థులు అడవి పాఠానికి ఇక్కడికి వస్తారు. ఇక మీదట మొదటి రోజు మొదటి పాఠం టేపమ్మే చెప్పాలి. ఏం చెప్పాలి మేడమ్ అని టేపమ్మ అడిగింది. ఇవాళ మాకు చెప్పిందే, అంది అధ్యక్షురాలు. చెట్టు దగ్గరికి వెళ్లేముందు చేతిలో ఉన్నదాన్ని కొలుచుకోమని.

ఆ కర్రని హాలు గోడకి పెట్టించాలని ప్రొఫెసర్ పట్టుబట్టాడు. కుదరదన్నాడు బాబాయి. నా కిటికీ సంగతేంటి, పొగంతా ఎటు పోవాలి, మీ తీర్మానం తింటారా అన్నం తింటారా అని నిలదీశాడు. టేపమ్మ మొగుడు వెంటనే ముందుకొచ్చాడు. రేపటికల్లా కొత్త కర్ర చేసి, పొన్ను కూడా తొడిగి తెచ్చిస్తానన్నాడు.

టేపమ్మ జేబులోంచి టేపు తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

“ముందు కిటికీ కొలవండి,” అంది.